మెడికల్ షాపు వాడు కూడా టీబీ పేషెంటు పేరు రాసి పంపాలా? పంపకపోతే జైలా?

కౌంటర్_వెనక
టీబీ మందు రిఫాంపిసిన్ అమ్మితే పేషెంటు పేరు, అడ్రసు, ఫోను, డాక్టరు పేరు, చీటీ కాపీ అన్నీ టీబీ ఆఫీసుకు పంపాలట. లేకపోతే రెండేళ్లు లోపలేస్తారట. డ్రగ్ ఇన్‌స్పెక్టరు అడిగేది హెచ్1 రిజిస్టరు, టీబీ వాళ్లు అడిగేది ఇంకో ఫారం. రెండూ ఒకటేనా? ఫోన్ నంబరు అడగ్గానే సగం మంది చీటీ లాక్కుని పక్క షాపుకు పోతున్నారు. అసలు ఇలా చట్టాలు పెట్టి బెదిరిస్తే ప్రపంచంలో ఎక్కడైనా టీబీ తగ్గిందా? తెలిసినవాళ్లు చెప్పండి. నీతులు వద్దు.

లాపాయింటు
రెండూ వేరు. హెచ్1 అనేది చీటీ లేకుండా అమ్మకూడని కొన్ని మందుల జాబితా, డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్ కింద. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, మొదట్లో 46 మందులు. రిజిస్టర్లో రాయాల్సినవి: మందు రాసిన డాక్టరు పేరు, అడ్రసు, పేషెంటు పేరు, మందు పేరు, ఎంత ఇచ్చారు. మూడేళ్లు దాచాలి. అందులో పేషెంటు ఫోను అడగలేదు.
టీబీ నోటిఫికేషన్ వేరే కథ. 2012 మే 7న డాక్టర్లకు, ల్యాబులకు తప్పనిసరి చేశారు, కానీ శిక్ష ఊసు లేదు. 2018 మార్చి 16 గెజిట్‌తో మందుల షాపులనూ చేర్చి, ఐపీసీ 269, 270 తగిలించారు. ఇప్పుడవి బీఎన్ఎస్ 271, 272. మొదటిది నిర్లక్ష్యానికి, ఆరు నెలల దాకా. మీరన్న రెండేళ్లది రెండోది, దానికి దురుద్దేశం రుజువు కావాలి. ఫారం మర్చిపోయినవాడి మీద 272 నిలబడదు.

నస_రాజా
అంటే ఆరు నెలలే. 6 నెలల కోర్సు అన్నమాట, టీబీ మందులాగే 😄

ఎస్టీఎస్_బండి
కౌంటర్ అన్నా, ఫోను ఎందుకంటే ఇంటికి వెళ్లాలి కాబట్టి. నోటిఫై అయ్యాక మా పని మొదలు: ఇంట్లో ఎంతమంది, ఎవరికి దగ్గు, అయిదేళ్లలోపు పిల్లలున్నారా, షుగరు, హెచ్ఐవీ టెస్టు అయిందా, మందు పనిచేస్తుందో లేదో చూసే టెస్టు అయిందా. టీబీ లేదని తేలిన ఇంట్లోవాళ్లకు నివారణ మందు ఇస్తాం. 3హెచ్‌పీ అయితే వారానికి ఒక్కసారి చొప్పున 12 వారాలు. మీరు నంబరు ఇవ్వకపోతే ఆ ఇంట్లో చంటిపిల్ల ఉందని మాకెలా తెలుస్తుంది?

కౌంటర్_వెనక
అది సరే తమ్ముడూ, ఒకే పేషెంటును డాక్టరు, ల్యాబు, నేను ముగ్గురం పంపితే?

ఎస్టీఎస్_బండి
ముగ్గురూ పంపినా నష్టం లేదు. నిక్షయ్‌లో (సర్కారు టీబీ పోర్టల్) ఫోను, పేరు, వయసు పట్టి ఒకే ఐడీ కింద కలుపుతాం. తలనొప్పి వచ్చేది ఒకచోట "వెంకటేశ్వర్లు", ఇంకోచోట "వి. రావు", మూడోచోట కొడుకు ఫోన్ నంబరు ఇచ్చినప్పుడు.

పల్మో_అక్క
మొదటి పోస్టులోని అసలు ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. చట్టం వల్ల తగ్గిందా? మన లెక్కలే చూడండి. 2012లో ఆర్డరు వచ్చింది. 2013లో దేశం మొత్తమ్మీద ప్రైవేటు నుంచి వచ్చిన నోటిఫికేషన్లు 40 వేలు కూడా లేవు. 2023లో 8 లక్షలు దాటాయి. మరి ఈ మధ్యలో మారిందేమిటి? 2014లో ముంబయి, పాట్నా, మెహసానాల్లో పైలట్లు మొదలయ్యాయి. ప్రైవేటు డాక్టరు దగ్గరికే మనిషి వచ్చి ఫారం నింపుతాడు, పేషెంటుకు మందులు ఉచితం, గళ్ల (కఫం) పరీక్ష ఉచితం. దాన్ని చూసి మిగతా చోట్లా పెట్టారు, 2018 నుంచి డాక్టరుకు నోటిఫై చేసినప్పుడు 500, కోర్సు ఫలితం చెప్పినప్పుడు 500 ఇస్తున్నారు. అంకెలు పెరిగింది ఆ పనివల్ల. ఆర్డరు ఒక్కటే ఉన్న రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు.

గోదారి_గట్టు
@పల్మో_అక్క ఆర్డరే లేకపోతే ఆ పైలట్లకు డాక్టర్లు తలుపు తీసేవారా? "రూలు ఉంది సార్, పని మేం చేసిపెడతాం" అంటేనే కదా ఒప్పుకున్నారు. 2018 సెక్షన్లు కూడా అంతే. కేసులు పెట్టడానికి కాదు, పెద్ద ఆసుపత్రుల మేనేజ్‌మెంటు ఓ మనిషిని ఆ పని మీద కూర్చోబెట్టడానికి.

పల్మో_అక్క
ఒప్పుకుంటా, సగం.

పాత_పుటలు
డాక్టర్లు ఎదురుతిరగడం కొత్తేం కాదు. న్యూయార్క్ నగరంలో హెర్మన్ బిగ్స్ 1897లో ప్రతి డాక్టరూ క్షయ రోగి పేరు తెలపాలని రూలు తెప్పిస్తే అక్కడి వైద్య సంఘాలు గొడవ గొడవ చేశాయి. రోగి గుట్టు బయటపడుతుందని, ప్రాక్టీసు పోతుందని. ఇప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో వినబడేవి అక్షరం పొల్లుపోకుండా అవే. 1900లో నార్వే దేశం మొత్తానికీ క్షయ చట్టం చేసింది.
అప్పటికి మందు లేదు. చట్టం చేయగలిగిందల్లా లెక్క రాయడం, వేరుగా ఉంచడం, ఉమ్మి వేయొద్దనడం. స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు.

నస_రాజా
ఉమ్మి వేయొద్దు అన్న బోర్డు మీదే ఉమ్మేసిన జాతి మనది. ఏ సెక్షనూ పనిచేయదు.

స్లైడు_స్టెయిను
పనిచేసిన నిషేధం ఒకటి చెప్తాను. 2012 జూన్‌లో రక్తంతో చేసే టీబీ యాంటీబాడీ టెస్టులను, అంటే ఎలైసా ఐజీజీ, ఐజీఎం, ర్యాపిడ్ కార్డులను కేంద్రం నిషేధించింది. తయారీ, అమ్మకం, దిగుమతి, వాడకం అన్నీ. అంతకు ముందు ఏడాదే డబ్ల్యూహెచ్‌ఓ వాడొద్దని చెప్పింది. టీబీ లేనివాళ్లకు ఉందని, ఉన్నవాళ్లకు లేదని చెప్పే టెస్టులవి. కిట్లు మార్కెట్లోంచి చాలావరకు మాయమయ్యాయి.
అయితే ఆ ఖాళీలోకి టీబీ గోల్డ్ అనే ఇంకో రక్త పరీక్ష దూరింది. అది నిషేధంలో లేదు. ఒంట్లో క్రిమి ఎప్పుడో చేరిందని మాత్రమే చెబుతుంది, ఇప్పుడు జబ్బు ఉందో లేదో చెప్పదు. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి పాజిటివే వస్తుంది. "గోల్డ్ పాజిటివ్, మందులు మొదలుపెట్టండి" అన్న చీటీ కౌంటర్ అన్న దగ్గరికి వస్తే ఒకసారి ఆగి గళ్ల పరీక్ష అయిందా అని అడగాలి.

కౌంటర్_వెనక
అడిగితే డాక్టరు నా షాపుకు చీటీలు పంపడం మానేస్తాడు అన్నా 🙂

స్లైడు_స్టెయిను
అదీ నిజమే. గళ్ల గురించి ఇంకో మాట. స్లైడులో కనబడాలంటే ఒక మి.లీ. గళ్లలో 5 నుంచి 10 వేల క్రిములు ఉండాలి. సీబీనాట్, ట్రూనాట్‌లకు వంద చుట్టుపక్కల చాలు. కానీ ఎంత మంచి మెషినైనా డబ్బాలో ఉమ్ము పోస్తే ఏం చేస్తుంది? పొద్దున్నే నోరు పుక్కిలించి, రెండు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, రొమ్ములోంచి దగ్గి తీయాలి. కనీసం 2 మి.లీ. ఉండాలి, చిక్కగా ఉండాలి. గదిలో కాదు, ఆరుబయట. నీళ్లలా, నురగలా ఉంటే మళ్లీ తీయించాల్సిందే.

లాపాయింటు
జైలు సంగతి అడిగారు కదా, కెన్యా చూడండి. 2010లో ఇద్దరు టీబీ రోగులు మందులు మానేశారని అక్కడి పబ్లిక్ హెల్త్ యాక్ట్ 27వ సెక్షన్ చూపించి కాప్సబెట్ జైల్లో పెట్టారు. ఇరుకు గది, గాలి లేదు, పక్కన ఆరోగ్యంగా ఉన్న ఖైదీలు. అంటే జబ్బు ఆపడానికని తీసుకెళ్లి జబ్బు బాగా పెరిగే చోటే పెట్టారు. 2016 మార్చి 24న నైరోబి హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. ఆ సెక్షన్ ఏకాంతంగా ఉంచమంటుంది గానీ జైల్లో పెట్టమనదు అని.

గోదారి_గట్టు
తీర్పు తేదీ కూడా టీబీ దినం రోజే పడింది.
కానీ బలవంతం ఎప్పుడూ తప్పే అంటే ఒప్పుకోను. న్యూయార్క్ సంగతేమిటి? 1992లో 3,811 కేసులు, 1994కి 2,995. మధ్యలో 1993లో హెల్త్ కోడ్ మార్చి, మందు మింగనివాళ్లను కోర్సు పూర్తయ్యేదాకా ఆసుపత్రిలో నిర్బంధించే అధికారం ఇచ్చారు.

పల్మో_అక్క
గోదారి గారూ, ఆ కథ సగం చెప్తే ఎలా? 1993 నుంచి 95 వరకు చూసిన 8 వేల పైచిలుకు రోగుల్లో నిర్బంధించింది 139 మందిని. మిగతావాళ్లకు ఏం చేశారు? ఆరోగ్య కార్యకర్త ఇంటికో, పార్కుకో, షెల్టరుకో వెళ్లి కళ్లముందు మందు మింగించాడు, భోజనం కూపన్లు, బస్సు టోకెన్లు ఇచ్చాడు. ఆసుపత్రుల్లో గాలి ఆడే ఏర్పాట్లు మార్చారు. అప్పుడు ఆ పని నడిపించిన థామస్ ఫ్రీడెన్ తర్వాత మన దేశం వచ్చి డాట్స్ (కళ్లముందు మందు మింగించే పద్ధతి) విస్తరణలో పనిచేశాడు. అంకె దిగింది నిర్బంధం వల్లేనని ఆయన కూడా అనడు.

లాపాయింటు
ఆ 139 మందికీ ప్రభుత్వ ఖర్చుతో లాయరు ఉన్నాడు. కోర్టు ఉత్తర్వు లేకుండా 60 రోజులు దాటి ఉంచడానికి లేదు. ఉంచింది ఆసుపత్రిలో. కెన్యాలో ఈ మూడూ లేవు. "బలవంతం" అని ఒకే మాటతో రెండిటినీ కట్టేయకండి.

పాత_పుటలు
నిర్బంధానికి అసలు పునాదినే కదిలించింది మన పక్కనున్న మద్రాసు. 1956లో మొదలైన అధ్యయనంలో సగం మందిని శానటోరియంలో (క్షయ ఆసుపత్రిలో) పెట్టారు, సగం మందికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. ఇళ్లు ఇరుకు, తిండి అంతంతమాత్రం. 1959లో ఫలితం వచ్చింది: ఇంట్లో ఉన్నవాళ్లూ దాదాపు అంతే బాగయ్యారు, వాళ్ల ఇంట్లోవాళ్లకు జబ్బు ఎక్కువగా సోకిందీ లేదు. మంచి మందు పడితే రెండు వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. ప్రపంచమంతా శానటోరియాలు మూతపడటానికి ఈ ఫలితం ఒక ముఖ్య కారణం.
మన మదనపల్లె శానటోరియానికి ఇంకో ఘనత ఉంది. దేశంలో మొదటి బీసీజీ టీకాలు 1948లో వేసింది అక్కడే.

దుబాయ్_బస్సు
మీరందరు జైలు జైలు అంటున్రు, గల్ఫ్ చట్టం ముచ్చట ఎవ్వలు తీస్తలేరు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల దిక్కు టీబీ అంటే భయం జబ్బుకు గాదు, మెడికల్‌కు. ఛాతీ ఎక్స్‌రేల పాత మచ్చ ఉన్నా సరే "అన్‌ఫిట్" కొడ్తరు. కోర్సు పూర్తిగ వాడి పదేండ్లయినా మచ్చ పోదు కదా. గందుకే ఏం జేస్తరు? ముందుగాల్నే ప్రైవేటుల ఎక్స్‌రే తీపిచ్చుకుంటరు. మచ్చ కనవడితే సర్కారు దవాఖానకు రారు, పేరు ఎక్కుతదని. ప్రైవేటుల రెండు నెలలు మందులు మింగి, దగ్గు తగ్గంగనే బంద్ పెడ్తరు.

ఎస్టీఎస్_బండి
అక్షరాలా నిజం. "నిక్షయ్‌లో పేరెక్కితే వీసా రాదు" అన్న పుకారు ఊరూరా ఉంది. వీసా సెంటరు వాళ్లు చూసేది ఎక్స్‌రే ఫిల్ము. పేరు దాచినంత మాత్రాన ఫిల్ములో మచ్చ పోదు. మధ్యలో మానేస్తే మాత్రం మందుకు లొంగని టీబీ అయి కూర్చుంటుంది.

దుబాయ్_బస్సు
యూఏఈ 2016ల జర మార్చింది. ఆడ్నే ఉండి వీసా రెన్యువల్‌కు పోయినోళ్లకు టీబీ తేలితే ఎంటనే పంపియ్యకుండ మందులిచ్చి ఏడాది షరతు మీద ఉంచుతున్నరు. కొత్తగ పొయ్యేటోళ్లకు మాత్రం గదే పాత కథ.

గోదారి_గట్టు
బ్రిటన్ వేరేలా చేస్తుంది. మన దేశం నుంచి ఆరు నెలలకు మించి వెళ్లేవాళ్లకు ముందే ఎక్స్‌రే, అదీ వాళ్లు ఒప్పుకున్న క్లినిక్‌లోనే. హైదరాబాద్‌లో ఉంది. అనుమానం వస్తే మూడు రోజులు వరసగా మూడు గళ్లలు, కల్చరు పెడతారు, దానికి రెండు నెలల దాకా పడుతుంది. సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది. సెప్టెంబరు ఇన్‌టేక్ పిల్లలు ఆగస్టులో ఎక్స్‌రేకి వెళ్తే, కల్చరు అడిగితే సీటు పోయినట్టే. మే, జూన్‌లోనే తీయించుకోవాలి. బ్రిటన్ వాళ్లు జబ్బు తేలినా తలుపు శాశ్వతంగా మూయరు, చికిత్స పూర్తిచేసి మళ్లీ రమ్మంటారు. అందుకే దాచేవాళ్లు తక్కువ.

కౌంటర్_వెనక
అంటే దాచితే లాభం ఉన్నచోట దాస్తారు. నా కౌంటర్ దగ్గర జరిగేదీ అదే కదా.

పల్మో_అక్క
పెరూ చట్టం చూడాలి మీరు. 2014లో చేశారు, నంబరు 30287. టీబీ వచ్చిందని ఉద్యోగం తీసేయకూడదు. మందు మింగే రోజు గంట ఆలస్యంగా రావొచ్చు, లేదా గంట ముందు వెళ్లొచ్చు. తిండి సామాను ఇవ్వాలి. చదువుకునేవాళ్లకు చదువు ఆగకూడదు. అలాంటి చోట పేరు చెప్పడానికి రోగికి ఓ కారణం ఉంటుంది.

నస_రాజా
మన దగ్గర గంట ఆలస్యంగా రావడానికి టీబీ అక్కర్లేదు.

లాపాయింటు
మన దగ్గరా ఒకటి ఉంది, వాడేవాళ్లు తక్కువ. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికుడికి టీబీ వస్తే మామూలు సిక్‌నెస్ బెనిఫిట్, అంటే 91 రోజుల పాటు 70 శాతం కూలి, అయిపోయాక పొడిగింపు ఉంటుంది. 34 దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో టీబీ ఉంది. 80 శాతం కూలి, రెండేళ్ల దాకా. కాకపోతే జబ్బు తేలేనాటికి రెండేళ్ల సర్వీసు, కట్టిన చందాలు ఉండాలి. జనం పోగొట్టుకునేది ఎక్కడంటే, జబ్బు తెలియగానే రాజీనామా చేసేసి ఊరెళ్లిపోతారు. రాజీనామా కాదు, ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ తీసుకోవాలి.
పలకల ఫ్యాక్టరీలు, రాళ్ల క్రషర్లలో చేసేవాళ్లకు ఇంకోటి. ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ యాక్ట్ (2025 నవంబరు నుంచి దాని స్థానంలో సోషల్ సెక్యూరిటీ కోడ్) మూడో షెడ్యూల్లో సిలికో ట్యూబర్‌క్యులోసిస్ ఉంది, కాకపోతే సిలికోసిస్ (రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ముఖ్య కారణమని తేలాలి. మార్కాపురం వాళ్లు గుర్తుపెట్టుకోండి. పాత ఎక్స్‌రేలు పారేయొద్దు, దుమ్ములో పనిచేసిన ఏళ్లకు రుజువు కావాలి.

పాత_పుటలు
దక్షిణాఫ్రికా బంగారు గనుల వాళ్లు ఇదే విషయం మీద కోర్టుకెక్కి, సిలికోసిస్, టీబీ కలిపి 500 కోట్ల ర్యాండ్ల ఒప్పందం సాధించారు. 2019 జూలైలో జోహనెస్‌బర్గ్ హైకోర్టు ఆమోదించింది.

కౌంటర్_వెనక
కోర్టుల సంగతి వచ్చింది కాబట్టి. ఒకప్పుడు రోజు విడిచి రోజు డబ్బాల్లో వచ్చేవి మందులు, ఇప్పుడు రోజూ. అదీ కోర్టు వల్లేనా?

పల్మో_అక్క
చాలావరకు. పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) పడితే 2017 జనవరిలో సుప్రీంకోర్టు తొమ్మిది నెలల గడువు పెట్టింది, ఆ ఏడాది చివరికల్లా దేశమంతా రోజువారీ అయింది. పెద్దవాళ్లకు బరువును బట్టి 4ఎఫ్‌డీసీ (నాలుగు మందులు కలిపిన మాత్ర) ఇలా: 25 నుంచి 34 కిలోలకు 2, 35 నుంచి 49కి 3, 50 నుంచి 64కి 4, 65 నుంచి 75కి 5, ఆపైన 6 మాత్రలు. రెండు నెలలు ఇవి, తర్వాత నాలుగు నెలలు 3ఎఫ్‌డీసీ. పొరపాటు ఎక్కడంటే, 34 కిలోలతో వచ్చినామె తిండి పడి 40కి చేరినా చివరిదాకా 2 మాత్రలే మింగుతుంది. అయిదు కిలోలు తేడా వచ్చి గీత దాటితే డోసు మార్చాలి. నెలకోసారి బరువు చూడండి, షాపులో తూకం ఉంటే ఇంకా మంచిది.

స్లైడు_స్టెయిను
లీవోఫ్లాక్సాసిన్ కూడా చెప్పక్కా.

పల్మో_అక్క
అవును, అది మర్చిపోకూడదు. అదీ హెచ్1లోనే ఉంది. దగ్గుకు అయిదు రోజులు లీవోఫ్లాక్సాసిన్ వేస్తే టీబీ కాస్త అణుగుతుంది, రోగి బాగుందనుకుంటాడు, గళ్ల నెగటివ్ రావొచ్చు, రోగం తేలేది నెల రెండు నెలలు వెనక్కి పోతుంది. అదే క్రిమికి ఆ మందుకు లొంగని గుణం వస్తే ఎండీఆర్ (మందుకు లొంగని టీబీ) చికిత్సలో ఒక ఆయుధం పోయినట్టు. టీబీ మందుల రిజిస్టరు కన్నా చీటీ లేకుండా లీవో ఇవ్వకపోవడమే మీ కౌంటర్ చేయగల పెద్ద పని.

గోదారి_గట్టు
పేటెంట్ చట్టాన్ని వదిలేశారు అందరూ. నన్నడిగితే టీబీ మీద మన దేశం చేసిన గొప్ప చట్టం 3(డి). తెలిసిన మందుకే కొత్త రూపం ఇచ్చి, గుణం పెంచకుండా మళ్లీ పేటెంట్ అడగడానికి వీల్లేదంటుంది. మందుకు లొంగని టీబీకి వాడే బెడాక్విలిన్ అసలు పేటెంట్ 2023 జూలైలో తీరింది. దాని లవణ రూపం మీద ఇంకొన్నేళ్లు కావాలని జాన్సన్ అండ్ జాన్సన్ అడిగితే మన పేటెంట్ ఆఫీసు అదే ఏడాది మార్చిలో కొట్టేసింది. అభ్యంతరం వేసింది టీబీ నుంచి బయటపడ్డ ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు మన దేశం, ఒకరు దక్షిణాఫ్రికా. పాత ఇంజెక్షన్ల వల్ల ఇద్దరికీ వినికిడి పోయింది. ఆ ఆగస్టుకల్లా ఆరు నెలల కోర్సు అంతర్జాతీయ ధర 130 డాలర్లకు దిగింది.

లాపాయింటు
దీనికి ఎదురు చెప్పేవాళ్లు లేరు 🙂

దుబాయ్_బస్సు
పైసల ముచ్చట చెప్పుండ్రి. టీబీ ఉన్నోళ్లకు తిండికని సర్కారు ఇచ్చే పోషణ్ పైసలు వస్తలేవు అంటున్రు చానమంది.

ఎస్టీఎస్_బండి
2018 ఏప్రిల్ నుంచి నెలకు 500, 2024 నవంబరు 1 నుంచి వెయ్యి. ఇప్పుడు రెండు వాయిదాలు: మొదట 3 వేలు, 84 రోజులయ్యాక ఇంకో 3 వేలు. ఆగేది ఎక్కువగా బ్యాంకు దగ్గరే. ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్‌లో ఇంకో పేరు. వాడక నిద్రపోయిన జన్‌ధన్ ఖాతా. ఇంకా మన రాష్ట్రాల్లో ప్రత్యేకం ఒకటుంది: పాత ఆంధ్రాబ్యాంక్ పాస్‌బుక్ జిరాక్సు. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిశాక ఐఎఫ్ఎస్‌సీ మారింది. పాస్‌బుక్ మీద ఏఎన్‌డీబీతో మొదలయ్యే కోడ్ ఉంటుంది, ఇప్పుడు యూబీఐఎన్ కావాలి. పాతది ఎక్కిస్తే డబ్బు వెనక్కి పోతుంది, పేషెంటేమో మమ్మల్ని తిడతాడు.

పాత_పుటలు
ఆ వెయ్యి తక్కువే అయినా తిండి లెక్క తీసిపారేసేది కాదు. 2019 నుంచి 2022 వరకు జార్ఖండ్‌లో చేసిన రేషన్స్ ట్రయల్లో రోగి ఇంట్లోవాళ్లకు బియ్యం, పప్పు అదనంగా ఇస్తే వాళ్లకు కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. కొత్త మందూ కాదు, టీకా కాదు. పెద్దవాళ్లకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు.

కౌంటర్_వెనక
సరే, నేనిలా చేద్దామనుకుంటున్నా. టీబీ చీటీ వస్తే ముందు నంబరు అడగను. "ఈ మందు సర్కారులో ఉచితం, నెలకు వెయ్యి వస్తుంది, ఇంట్లో పిల్లలకు పరీక్ష ఉచితం" అని చెప్పి, అప్పుడు అడుగుతా. ఇష్టం లేదంటే?

లాపాయింటు
ఇష్టం లేకపోయినా డాక్టరు పేరు, చీటీ కాపీ పంపండి. హెచ్1 రిజిస్టరు ఎలాగూ రాస్తారు. పేషెంటు పక్కన నలుగురుండగా "టీబీ" అని గట్టిగా అనకండి, అది చాలు.

ఎస్టీఎస్_బండి
నా వైపు నుంచి ఒకటి. మీరు పంపిన పేషెంటు ఇంటికి మేం బండి మీద యూనిఫాం, బోర్డుతో వెళ్లం. ముందు ఫోన్ చేసి ఎప్పుడు రమ్మంటారో, ఎక్కడ కలవమంటారో అడుగుతాం. అలా చేయనివాళ్లు ఉంటే జిల్లా టీబీ ఆఫీసులో చెప్పండి.

కౌంటర్_వెనక
ఫారం ఎక్కడ దొరుకుతుంది? రాతలో పంపాలా, ఫోటో తీసి పంపితే చాలా?

ఎస్టీఎస్_బండి
మీ టీబీ యూనిట్ ఎస్టీఎస్ (నాలాంటి టీబీ సూపర్‌వైజరు) నంబరు తీసుకోండి, లేదా 1800 11 6666కు చేయండి. చీటీ ఫోటో చాలు, మూలలు కత్తిరించకుండా. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కింద మూలలోనే ఉంటుంది, అదే ఎప్పుడూ పడదు.